పులస చుట్టం కోసం టవీ నది ఒడ్డున

పులస తెలిసినవాళ్ళకి స్యూయిన్ గురించి చెప్పడం సులువు. సముద్రంలో తిరిగే చేప. గుడ్లు పెట్టే కాలానికి నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. గోదావరిలో ఎర్రనీరు తగలగానే మనకి పులస వచ్చినట్టు, వేల్స్‌లోని టవీ నదిలోకి వేసవిలో స్యూయిన్ వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని సీ ట్రౌట్ అంటారు. వేల్స్ వాళ్ళకి మాత్రం స్యూయినే, పేరు దగ్గర రాజీ పడరు.

తేడా ఎక్కడుందంటే, పులసని వలేసి పట్టి, వేలంలో వేలకి వేలు పోసి కొంటాం. స్యూయిన్‌ని అర్ధరాత్రి తొడల లోతు నీళ్ళలో నిలబడి, కొక్కేనికి ఈక ముక్క కట్టి పిలుస్తారు. వస్తే వచ్చినట్టు. చాలా రాత్రులు రాదు.

మా మేనల్లుడు ఆ ప్రాంతంలో డాక్టరు. రాజోలు దగ్గర పుట్టి, పంట కాలువలో వానపాములు గుచ్చి గాలమేసిన వాడే. ఇప్పుడు ఈ ఈకల గాలం పిచ్చిలో పడ్డాడు. "రండి మావయ్యా, జులైలో రండి. మీకు స్యూయిన్ పులుసు నేనే పెడతా" అని రెండేళ్ళుగా పోరు. వాడి అమ్మ, అంటే మా చెల్లెలు, ఫోన్లో ఒకటే మాట: "అర్ధరాత్రి ఏట్లో దిగుతాడంట అన్నయ్యా, నువ్వయినా చెప్పు." చెప్పడానికే వెళ్ళానో, పులుసు కోసం వెళ్ళానో మీరే అనుకోండి.

టవీ పూర్తిగా వేల్స్‌లోనే పుట్టి వేల్స్‌లోనే సముద్రంలో కలిసే నదుల్లో అన్నిటికంటే పొడవైనది. పొడవంటే మనకి నవ్వొస్తుంది, 120 కిలోమీటర్లు. మన లెక్కలో పెద్ద వాగు. కాని లోయ మాత్రం చూడాల్సిందే. స్వాన్సీలో రైలెక్కితే హార్ట్ ఆఫ్ వేల్స్ అనే లైను మీద, రోజుకి నాలుగైదు బళ్ళు తిరిగే ఒంటి పట్టా మీద, గొర్రెలు, ఆవులు, ఓక్ చెట్లు చూసుకుంటూ ల్లాన్‌డైలో చేరతాం. (ఆ రెండు ఎల్ అక్షరాల్ని పలకాలంటే నాలుకని 'ల' దగ్గర ఆనించి పక్కల నుంచి గాలి ఊదాలి. నాకు వారం పట్టింది.) ఊరు కొండ మీద, నది కింద. పక్కనే డినెవ్వుర్ కోట, ఒకప్పటి దక్షిణ వేల్స్ రాజుల గద్దె. దాని తోటలో తెల్లటి ఒళ్ళు, నల్లటి చెవులు ఉన్న ప్రాచీన జాతి పశువులు మేస్తుంటాయి. ఒంగోలు గిత్తని చూసినవాళ్ళకి గంభీరంలో అవి ఆనవు గాని, ముచ్చటగానే ఉంటాయి.

ఇంకాస్త దిగువకి వెళితే కొండ నెత్తిన పాక్స్టన్ టవర్ కనిపిస్తుంది. నెల్సన్ గౌరవార్థం కట్టించానన్నాడు సర్ విలియం పాక్స్టన్. ఈయన కలకత్తా టంకశాలకి అధికారిగా చేసి, వ్యాపారంలో డబ్బు కూడబెట్టుకుని వచ్చి, 1789లో ఇక్కడ మిడిల్టన్ హాల్ ఎస్టేట్ కొన్నాడు. ఆ ఎస్టేట్ నేలలోనే ఇప్పుడు వేల్స్ జాతీయ ఉద్యానవనం ఉంది. టవర్ మెట్ల మీద నుంచి చూస్తే నది పచ్చటి పొలాల్లో వదిలేసిన జడలా వంకర్లు తిరుగుతూ ఉంటుంది. బెంగాల్ డబ్బుతో కట్టిన చోటు నుంచి ఉచితంగా చూస్తున్నాం కదా అని ఒక పది నిమిషాలు ఎక్కువే నిలబడ్డాను.

ఇక చేప సంగతి. స్యూయిన్ వేరే జాతి కాదు. అక్కడి వాగుల్లో ఉండే మామూలు బ్రౌన్ ట్రౌటే. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లో కొన్ని ఊళ్ళోనే ఉండిపోతాయి, కొన్ని రెండు మూడేళ్ళు వాగులో పెరిగి, ఒంటికి వెండి రంగు తెచ్చుకుని సముద్రానికి వలస పోతాయి. వలస వెళ్ళేవాటిలో ఆడవే ఎక్కువ. సముద్రంలో తిండి దండి, ఒళ్ళు పెరిగితే గుడ్లు పెరుగుతాయి. ఉండిపోయింది అరకిలో తూగితే, వెళ్ళొచ్చింది నాలుగైదు కిలోలు కూడా తూగొచ్చు. మన ఊళ్ళలో గల్ఫ్ వెళ్ళిన అన్న, ఊళ్ళో ఉన్న తమ్ముడు గుర్తొచ్చారు నాకు. సాల్మన్ దీనికి దాయాది, జాతి వేరు. గుడ్లు పెట్టాక సాల్మన్‌లో చాలా మటుకు చచ్చిపోతాయి. స్యూయిన్ అలా కాదు, బతికి బయటపడి, మళ్ళీ సముద్రానికి వెళ్ళి, ఏటేటా వచ్చేవి ఉంటాయి.

రాత్రే ఎందుకు? వేసవిలో నీళ్ళు తగ్గి గాజులా ఉంటాయి. స్యూయిన్ అంత పిరికిది ఇంకోటి లేదు. పగలంతా లోతు మడుగుల్లో, చెట్ల వేళ్ళ కింద నక్కి ఉంటుంది. ఒడ్డున మనిషి నీడ పడితే చాలు, ఇక ఆ పూటకి అంతే. చీకటి పడ్డాక ధైర్యం వచ్చి, మడుగు తోక దగ్గర, నీళ్ళు పలచబడి జారే చోటికి వస్తుంది. అప్పుడు దాని ముందు నుంచి ఏదో చిన్న చేప ఈదుకుపోతున్నట్టు ఈక ఎర వెళ్ళాలి. నదిలోకి వచ్చాక ఇది తిండి దాదాపు మానేస్తుంది. మరి ఎర ఎందుకు పట్టుకుంటుందని మేనల్లుడి పక్కింటి పెద్దాయనని అడిగాను. ఆ రాత్రి మాకు తోడు ఆయనే. నలభై ఏళ్ళుగా ఈ నదిలో దిగుతున్న మనిషి. "దొరికితే చేపనే అడుగుదాం" అన్నాడు.

ఫ్లై ఫిషింగ్ అంటే మన గాలం లెక్క కాదు. మన గాలానికి కొసన ఎర, సీసం బరువు ఉంటాయి, విసిరితే బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ ఈకకి బరువే లేదు. బరువంతా దారానిదే. పదడుగుల సన్నటి కర్రని వెనక్కీ ముందుకీ ఊపితే దారం కొరడాలా గాల్లో సాగి, కొసన ఉన్న ఈకని నీళ్ళ మీద పరుస్తుంది. పగలే కష్టం. చీకట్లో, వెనక చెట్లు, కాళ్ళ కింద గుండ్రాళ్ళు, కంటికి దారం కనపడదు. అంతా చేతి లెక్క. ఎర పేరు టీల్ బ్లూ అండ్ సిల్వర్. బాతు ఈక, నీలం పోచలు, వెండి తీగ చుట్టిన ఒళ్ళు. చూస్తే పెళ్ళికూతురి చెవి జూకాలా ఉంది.

మధ్యాహ్నమే మడుగు చూసొచ్చాం. అది తప్పనిసరి. ఎక్కడ రాయి, ఎక్కడ గుంట, ఎక్కడ చెట్టుకొమ్మ వంగి ఉందో పగలు బుర్రలో పెట్టుకోకపోతే రాత్రి అడుగు తీసి అడుగు వేయలేం. పెద్దాయన కర్రతో నేల మీద మడుగు బొమ్మ గీసి, మేనల్లుడి చేత పాఠం అప్పజెప్పించుకున్నాడు. ఎంబీబీయస్ వైవాలో కూడా వాడు అంత భయపడి ఉండడు.

అక్కడ జులైలో సూర్యుడు అస్తమించేదే తొమ్మిదిన్నరకి. ఆ తరవాత కూడా వెలుగు మొండిగా పోదు. మేం పదింటికే ఒడ్డు చేరాం. ఇక నది కొద్ది గజాల దూరంలో ఉంది, చేతిలో కర్ర ఉంది, నీళ్ళలో అక్కడొకటి ఇక్కడొకటి చేప ఎగిరి పడుతున్న చప్పుడు. అయినా దిగకూడదు! ఈ ఆటలో అసలు పరీక్ష అదేట. తొందరపడి వెలుగుండగా ఒక్కసారి దారం విసిరితే మడుగంతా బెదిరిపోతుంది. ఎప్పుడు దిగాలనేదానికి ఒక్కొక్కళ్ళది ఒక్కో లెక్క. గబ్బిలాలు రావాలని కొందరు, చుక్కలు ఇన్ని లెక్కపెట్టాలని కొందరు. మా పెద్దాయనది గడ్డి లెక్క. అవతలి ఒడ్డు గడ్డిలో పచ్చదనం చచ్చిపోయి బూడిదరంగు మిగలాలి. నలుగురం ఒక దుంగ మీద కూర్చున్నాం. నలుగురెవరంటే, మేం ముగ్గురం, కంచె అవతల నుంచి తల పెట్టిన ఒక ఆవు.

హ్యూ ఫాల్కస్ అని రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం నడిపినాయన 1962లో సీ ట్రౌట్ ఫిషింగ్ అని పుస్తకం రాశాడు. ఈ రాత్రి వేటగాళ్ళకి అది భగవద్గీత. ఆయన రాత్రిని ఫుట్‌బాల్ ఆటలా విడగొట్టాడు. చీకటి పడ్డ మొదటి రెండు గంటలు ఫస్ట్ హాఫ్, అప్పుడు చేప హుషారుగా పైకొస్తుంది. తరవాత హాఫ్ టైమ్, నది ఒక్కసారిగా చచ్చిపోయినట్టు ఉంటుంది. అందరూ ఇంటికి పోయేది అప్పుడే. ఉన్నవాడికే సెకండ్ హాఫ్. లోతుగా, నెమ్మదిగా పెద్ద ఎర నడపాలి, పెద్ద చేప అప్పుడే.

పదకొండు దాటాక మేనల్లుడు నీళ్ళలోకి జారాడు. రొమ్ముల దాకా రబ్బరు తొడుగు, లైఫ్ జాకెట్, చేతికర్ర. నీళ్ళ మీదికి లైటు వేయకూడదు, ఫోను తీయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. నేను దుంగ మీదే. చెప్పొద్దూ, అంత చీకట్లో అంతసేపు ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయిందో. మొదట ఏమీ వినపడదు. తరవాత అన్నీ వినపడతాయి. గుడ్లగూబ, రాళ్ళ మీద నీరు, ఎక్కడో నీటికుక్క బుస, దారం గాల్లో కోసుకుపోయే సన్నటి ఈల. మనిషి కనపడడు. ఆ ఈల ఆగితే మాత్రం గుండె ఒక్కసారి ఆగుతుంది. పడ్డాడా, పట్టాడా?

పావుతక్కువ పన్నెండుకి మొదటిది పడింది. రీలు గిర్రుమంది, నీళ్ళలో ఎవరో బిందె విసిరేసినట్టు చప్పుడు. స్యూయిన్ నోరు మెత్తన, గట్టిగా లాగితే తెగి పోతుంది, వదులిస్తే రాళ్ళలోకి పోతుంది. పది నిమిషాలకి చేతి వలలోకి వచ్చింది. రెండు పౌన్లు ఉంటుందేమో. పెద్దాయన ఎర్రలైటు వేశాడు. ఆ ఎరుపులో కూడా అది కొత్త వెండిగిన్నెలా ఉంది. కొలతకి లోబడినదే, ఉంచుకోవచ్చు. నా నోట్లో బెండకాయలు, చింతపండు, ఆవకాయ నూనె అన్నీ ఒకేసారి మెదిలాయి.

వాడు వల దించి నీళ్ళలోనే కొక్కెం తీసి వదిలేశాడు.

"అదేంట్రా!"

"సముద్రం వెళ్ళొచ్చేవాటిలో ఎక్కువ ఆడవే కదా మావయ్యా. ఇది శీతాకాలంలో గుడ్లు పెట్టాలి."

మన దగ్గర జన ఉన్న పులసకే రేటు ఎక్కువని నాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు.

పెద్దాయన అప్పుడు చాలాసేపు మాట్లాడాడు, గుసగుసగానే. ఆయన కుర్రతనంలో జులై రాత్రి ఈ మడుగు దగ్గర కూర్చుంటే చేపలు ఎగిరిపడే చప్పుడికి మాట వినపడేది కాదట. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రాత్రి మేం విన్నవి, నేను నిజంగానే లెక్కపెట్టాను, పదకొండు. ఆయన చెప్పిన కారణాలు ఒకటి కాదు. ఇది పాడి జిల్లా, పేడనీళ్ళు వాగుల్లోకి దిగుతాయి. చలికాలాలు వెచ్చబడుతున్నాయి. 2015 డిసెంబరు మరీ వెచ్చగా, వానలతో గడిచింది. మర్నాటి వేసవికి వేల్స్ నదుల్లో సాల్మన్ పిల్లలు దారుణంగా తగ్గిపోయాయి. సముద్రానికి వెళ్ళినవాటిలో తిరిగొచ్చేవి తగ్గాయి. నది నెత్తిన 1972 నాటికి కట్టిన ల్లిన్ బ్రియాన్ డ్యామ్ ఉంది, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైనది, 91 మీటర్లు. స్వాన్సీ వైపు ఊళ్ళకి తాగునీళ్ళు దాని చలవే. దాని పైనున్న పాత గుడ్ల రేవులకి చేపకి మాత్రం దారి మూసుకుపోయింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కింద ఆగిపోయే పులస సంగతి, గంగలో 1975లో ఫరక్కా వచ్చాక అలహాబాదు దాకా వెళ్ళడం మానేసిన ఇలస సంగతి ఆయనకి చెప్పాను. "మీ దగ్గర కూడానా" అన్నాడంతే.

హాఫ్ టైమ్ అంటే ఏమిటో పన్నెండున్నరకి తెలిసింది. ఒక్క చప్పుడు లేదు. ఫ్లాస్కులో టీ, చలి. జులైలో స్వెట్టరు మీద స్వెట్టరు. నది మీద పొగమంచు లేస్తే ఆట అక్కడితో ముగిసినట్టేనట, ఎందుకోగాని చేప ముట్టదు. మా అదృష్టం, మబ్బు పట్టింది, మంచు లేవలేదు.

రెండింటికి కొంచెం ముందు, ఎర లోతుగా నడుస్తుండగా, దారం ఊరికే ఆగిపోయింది. రాయికి తగిలిందనుకున్నాడట. ఆ రాయి నడవడం మొదలుపెట్టింది. ఎగరలేదు, గింజుకోలేదు, బరువుగా దిగువకి పోతూనే ఉంది. మేనల్లుడు నీళ్ళలో దాని వెంట నడక, ఒడ్డున పెద్దాయన వల పట్టుకుని నడక, వెనక నేను చీకట్లో గట్టు తడుముకుంటూ. పాతిక నిమిషాలు. నాలుగు వేసవులుగా వాడు ఇలాంటి చేప కోసం దిగుతున్నాడని, పెళ్ళిరోజులు, పిల్ల పుట్టినరోజులు ఈ మడుగు పాలయ్యాయని వాళ్ళావిడ మధ్యాహ్నమే నాకు చెప్పింది. అందుకని నాకూ చెమట పట్టింది.

వలలోకి వచ్చింది. ఎనిమిది పౌన్లకి తక్కువుండదు. ఇప్పుడు అసలు ప్రశ్న, ఇది స్యూయినా, సాల్మనా? వేల్స్‌లో 2020 నుంచి గాలానికి పడ్డ ప్రతి సాల్మన్‌నీ తిరిగి వదిలేయాలి, అది చట్టం. రెండూ వెండిరంగే, ఒకే ఆకారం. పెద్దాయన మోకాళ్ళ మీద వంగి తడి చేత్తో చూపించాడు. పైదవడ కంటి వెనక అంచు దగ్గరే ఆగిపోయింది. స్యూయిన్‌కయితే కన్ను దాటి వెనక్కి పోతుంది. ఒంటి మధ్య గీత కింద మచ్చలు దాదాపు లేవు. తోక లోపలికి వంపు తిరిగి ఉంది, తోక మొదలు మణికట్టులా సన్నం, పట్టుకుంటే పిడికిట్లో నిలిచింది. స్యూయిన్ తోక అలా నిలవదు, జారిపోతుంది.

సాల్మన్.

మేనల్లుడు ఒక్క మాట మాట్లాడలేదు. కొక్కెం తీసి, దాన్ని నీళ్ళ పైకి ఎత్తకుండానే, తల ఎగువకి తిప్పి, ఒక చెయ్యి తోక దగ్గర, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి నిలబడ్డాడు. అలసిపోయిన చేపని ఊరికే వదిలేస్తే వెల్లకిలా పడి పోతుందట. ప్రవాహం మొప్పల్లోంచి పోనివ్వాలి. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఐసీయూలో పేషెంటు ఊపిరి చూస్తున్నప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. ఐదో నిమిషంలో తోక ఒక్కసారి విదిలించి, వాడి మొహాన నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది.

"ఫోటో అయినా తీసుకోవాల్సిందిరా" అన్నాను.

"ఫోటోకి పైకెత్తాలి మావయ్యా" అన్నాడు.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం 2023 డిసెంబరులో అట్లాంటిక్ సాల్మన్‌ని ముప్పు అంచున ఉన్న జాతుల్లోకి మార్చింది. 2006 నుంచి 2020 లోపు ప్రపంచంలో వాటి సంఖ్య 23 శాతం పడిపోయింది. గ్రేట్ బ్రిటన్‌లో ఉన్నవాటిని ఇంకా కింద, అంతరించే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. ఈ లెక్కలు నాకు మర్నాడు మేనల్లుడు చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నం లేచి దిగువన కార్మార్తెన్ వెళ్ళాం. మెర్లిన్ మాంత్రికుడి ఊరని చెప్పుకుంటారు. నేను మాత్రం పుట్టి చూడడానికి వెళ్ళాను. అవును, మన పుట్టే. కృష్ణలో, తుంగభద్రలో జాలర్లు తిరిగే పుట్టికి ఇక్కడ కోరకిల్ అని పేరు. మనది వెదురు అల్లిక, గుండ్రం. వాళ్ళది చెక్క బద్దల అల్లిక, కొంచెం కోల. పూర్వం రెండూ తోలు తొడిగినవే. వాళ్ళు తాబేలులా వీపున వేసుకుని నది దాకా నడుస్తారు. రెండు పుట్లు పక్కపక్కన, మధ్య వల, పోటు తీస్తున్నప్పుడు ప్రవాహంతో పాటు రాత్రి పూటే దిగుతారు. ఒకప్పుడు ఈ ఒక్క నది మీద వందల కుటుంబాలు బతికిన వృత్తి. ఇప్పుడు లైసెన్సులు చేతివేళ్ళు దాటవు. తెడ్డు ఒంటిచేత్తో వేసే తీరు చూస్తే శ్రీశైలం జలాశయంలో మనవాళ్ళని ఇక్కడ దింపినా పది నిమిషాల్లో అలవాటు పడతారనిపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. జూన్, జులై నెలలు మంచివి, అమావాస్య దగ్గర్లో ఇంకా మంచివి. నిండు వెన్నెల పనికిరాదు. వాన పడి నది పొంగి, మళ్ళీ తేటబడుతున్న రెండు మూడు రోజులు బంగారం. గాలం వేయాలంటే ప్రభుత్వ రాడ్ లైసెన్సు, ఆ ఒడ్డు ఎవరిదో వాళ్ళ టికెట్టు, రెండూ ఉండాలి. కొన్ని క్లబ్బులు రోజు టికెట్లు ఇస్తాయి. తెలిసిన మనిషి తోడు లేకుండా రాత్రి నీళ్ళలో దిగొద్దు. చూడడానికే అయితే లైసెన్సు అక్కర్లేదు, రెండు స్వెట్టర్లు చాలు.

పులుసు మాట మేనల్లుడు తప్పలేదు. వాళ్ళావిడ సూపర్ మార్కెట్‌లో స్కాట్లండ్ చెరసాలల్లో, అదే, వలపంజరాల్లో పెంచిన సాల్మన్ తెచ్చి, మా చెల్లెలికి వీడియో కాల్ పెట్టుకుని వండింది. ముక్క విరిగిపోయింది, నూనె పైకి తేలింది. బెండకాయలు మాత్రం చాలా బావున్నాయి.